ఆరువందల అడుగుల హద్దు

హేమ పొద్దుటినుంచీ కాలుగాలిన పిల్లిలా తిరుగుతోంది. ల్యాప్‌టాప్ ముందు కూర్చుంటుంది, లేస్తుంది, వాకిట్లోకెళ్తుంది, మళ్లీ వచ్చి కూర్చుంటుంది. సాయంత్రం నాలుగింటికి గడువు.

సంగతేమంటే, నేలలో నీళ్లు ఎంత లోతున ఉన్నాయో పటం గీసే ప్రోగ్రాం ఒకటుంది. దాని కోడ్ ఎవరైనా చూడొచ్చు, తప్పుంటే దిద్ది పంపొచ్చు. రాసిన మహానుభావులకు చెయ్యి చాపితే నీళ్లందుతాయి కాబోలు, ఆరువందల అడుగులు దాటిన బోరు కనబడితే చాలు, తప్పుడు లెక్క అనుకుని ప్రోగ్రాం దాన్ని పక్కన పారేస్తోంది. లోతు బోర్లన్నీ అలా పోయి, తమ ఊరు బెళుగుప్ప చుట్టూ నీళ్లు పుష్కలమని పటం చూపిస్తోంది. అది నమ్మి పక్క చేను గంగాధర్ ఈ వారంలోనే బోరు బండిని పిలిపిస్తున్నాడు. హేమ మాట వినడు. పటం మారితేనే నమ్ముతాడట!

హేమ ఆ హద్దు తీసేసి పంపింది. ప్రోగ్రాం చూసుకునే పెద్దమనిషి నుంచి జవాబొచ్చింది: "వెయ్యి అడుగులు ఎవరు తవ్వుతారు? నిజమైన బోర్లు చూపించండి, ఎవరివో, ఎక్కడివో. నాలుగు దాటితే పటం మార్చేది మళ్లీ ఆరు నెలలకే." హేమకు ఒళ్లు మండింది.

బోర్లకేం కొదవ, తమ చేలోవే ఉన్నాయి. కానీ నీళ్లు పడని బోర్ల మాటెత్తితే వాళ్ల నాయన బయ్యన్న మొహం మాడ్చుకుంటాడు. మూడున్నరకు తెగించి అడిగేసింది.

"మన బోర్లు ఎంత లోతు పోయినాయి నాయనా? రాసి పంపల్ల."

"ఎవురు సూస్తారు?"

"లోకమంతా."

"నవ్వేదానికా? పోనీ, తర్వాత తుడిచేయొచ్చా?"

ఊఁ అంటే పనైపోతుంది. కానీ నాయనతో అబద్ధమాడలేకపోయింది.

"తుడిచినా పాతది ఆడనే ఉంటాది. ఎవురన్నా, ఎప్పుడన్నా సూడొచ్చు."

బయ్యన్న తువ్వాలు దులిపి భుజాన వేసుకుని, గడప దాకా వెళ్లి తిరిగొచ్చాడు. నాలుగుకు పది నిమిషాలుంది. హేమ గోళ్లు కొరుక్కుంటోంది.

"గంగాధర్ గాడు మునిగిపోతాడు. రాయి," అన్నాడు చివరికి. "మొదటిది ఏడొందలు. రెండోది తొమ్మిదొందలు. మూడోది..." వంటింటివైపు చూసి గొంతు తగ్గించాడు. "అది మీయమ్మకు తెలీదు. పుట్టింటికి పోయినప్పుడు ఏయించినా. పదకొండొందలు. దుమ్మే లేసింది."

"పదకొండొందల యాభై," అంది లోపలినుంచి హేమ వాళ్లమ్మ వనజాక్షి, శెనక్కాయలు ఒలుస్తూనే. "బండోడు నాకు ఆ పొద్దే పోన్‌లో చెప్పినాడు. సరిగ్గా రాయి పాపా."

హేమ అంకె దిద్ది పంపింది. మూడూ యాభై ఎనిమిదికి, చేర్చుకున్నామని జవాబొచ్చింది. బయ్యన్నకు అదేం పట్టలేదు.

"ఆరేండ్లాయె! తెలిసీ ఒక్క మాట అనలేదేమే?"

"నువ్వే చెప్తావని సూస్తాండా," అంది వనజాక్షి.