శుభ్రమైన సీసా

మా అత్త నాగక్క చేతికి చిక్కిన వస్తువు ఏదైనా సరే, కడిగించుకోకుండా బయటపడలేదు. ధర్మవరంలో మాది పట్టు నూలుకు రంగులు వేసే ఇల్లు. పచ్చి పట్టును సబ్బు, సోడా కలిపిన నీళ్ళలో ఉడకబెడితే జిగురంతా వదిలి మెత్తబడుతుంది. రంగు వేసేది ఆ తర్వాతే. అందుకని మా పెరట్లో పొద్దున్నుంచీ పొయ్యి మీద సోడా నీళ్ళు మరుగుతూనే ఉంటాయి. ఇంట్లో చెంబులు, బిందెలు, సీసాలు అన్నీ ఆ నీళ్ళలో మునిగి లేవాల్సిందే. పెళ్ళయిన కొత్తలో నేను ముదిగుబ్బ నుంచి తెచ్చుకున్న అల్యూమినియం టిఫిన్ డబ్బాను కూడా అలాగే ముంచి నల్లగా చేసి నా చేతిలో పెట్టింది. "ఇప్పుడు శుభ్రంగా ఉండాది" అంది పైగా.

అలాంటి ఇంట్లో ఉంటూ, కడుపుతో ఉన్న ఆరో నెలలో, మూత్రానికి పోయినప్పుడల్లా మంట మొదలైతే ఎవరికి చెప్పుకోను? సిగ్గు కంటే భయం ఎక్కువైంది. రెండేళ్ళ కిందట ఇదే నెలలో, ఇదే మంట, ఆ వెనకే చలిజ్వరం వచ్చి నా మొదటి బిడ్డ పోయింది. అప్పుడు కూడా మూత్రం పరీక్ష చేశారు. అందులో ఏమీ లేదన్నారు. ఏమీ లేకపోతే బిడ్డ ఎందుకు పోయిందని అడిగే తెలివి మాకెవరికీ లేకపోయింది. "సంగీత కడుపే మంచిది కాదు" అని నా గురించి చుట్టాలు తేల్చేశారు. మా అత్త ఆ మాటకు అవునని అనలేదు, కాదనీ అనలేదు. ఆ కాదనకపోవడమే నన్ను ఎక్కువ కాల్చింది.

ఈసారి మా పేటలోని ఆరోగ్య కేంద్రానికి పోయాను. అక్కడ డబ్బాలు అయిపోయాయట, ఇంటి నుంచి శుభ్రమైన సీసాలో తెమ్మన్నారు. మా అత్త సీసా కడిగిచ్చింది. అది హిందూపురం ల్యాబుకు పోయి, క్రిములేవీ పెరగలేదని రిపోర్టు వచ్చింది. సరే, మళ్ళీ ఏమీ లేదు. మంటకని ఇస్తున్న మాత్రలు ఆపేశారు. ఆ వారంలోనే నాకు ఒళ్ళు కాలిపోయే జ్వరం వచ్చింది.

మా ఆయన తిప్పేస్వామి నన్ను బండి మీద కూర్చోబెట్టుకుని తీసుకుపోయాడు. వెనకాల ఆటోలో మా అత్త, చేతిలో నా మూత్రం పట్టిన ఇంకో సీసాతో. ఆ రోజు కుర్చీలో కొత్త డాక్టరమ్మ ఉంది. పేరు సౌమ్య, తలుపుల అనే ఊరి అమ్మాయి. సన్నగా, చదువు ఇంకా పూర్తి కానట్టు కనిపించింది.

"ఈ పిల్లకేం తెలుస్తాది?" అని మా అత్త నా చెవిలో గొణిగింది. ఆమె గొణుగుడు వీధి చివరి దాకా వినిపిస్తుంది. డాక్టరమ్మ నవ్వి, రిపోర్టు కోసం చెయ్యి చాపింది.

ఆమె రిపోర్టు చదివింది. ఏమీ లేదని రాసి ఉన్న కాగితం అది. దాన్ని నమ్మి నాకు ఒక జ్వరం మాత్ర ఇచ్చి పంపించి ఉంటే ఎవరూ తప్పుపట్టేవాళ్ళు కాదు. ఆమె కాగితాన్ని బల్ల మీద పెట్టి, లేచి నా వెనక్కి వచ్చి, పక్కటెముకల కింద పిడికిలితో మెల్లగా తట్టింది. నేను కెవ్వుమన్నాను.

"ఈడ నొప్పి ఉందని ఎవరికైనా చెప్పినావా?"

"ఎవరూ అడగలేదు మేడం."

"బిడ్డ కదులుతాండాదా?"

"నిన్నటి నుంచి తెలీడం లేదు."

ఆమె కడుపు మీద చిన్న యంత్రం పెట్టి వెతికింది. గర్ గర్ మనే చప్పుడు తప్ప ఏమీ లేదు. నేను దేవుళ్ళందరినీ పిలిచాను. కాసేపటికి టకటకమని వినిపించింది. "ఉండాడు నీ బిడ్డ. కానీ గుండె పరిగెత్తుతాండాది. నీ జ్వరం వానికీ తగుల్తాండాది. ఇది మనం ఆపాల" అంది. మనం అంది చూడండి, అక్కడే ఆమె నాకు నచ్చింది.

తర్వాత మా అత్త తెచ్చిన సీసాలో ఒక పట్టీ ముంచింది. పట్టీ అంటే సన్నటి ప్లాస్టిక్ పుల్ల, దాని మీద వరసగా రంగు గళ్ళు. మూత్రం తగిలితే ఒక్కో గడి ఒక్కో సంగతి చెబుతుంది. వాటిలో ఒక గడి ముదురు నీలంగా మారింది. డాక్టరమ్మ దాన్ని కిటికీ దగ్గర పెట్టి చూసింది.

"అవ్వా, ఈ సీసా దేంతో కడిగినారు?"

మా అత్తకు అడిగినందుకే సంతోషం. "పట్టు ఉడకేసే సోడా నీళ్ళతో తల్లీ. పోయినసారీ అట్లే కడిగిచ్చినా. సూడు, అద్దం మాదిరి ఉండాది. మా ఇంటి నుంచి మురికి సీసా వచ్చిందని రేపు ఎవరూ అనగూడదు కదా."

డాక్టరమ్మ ఒక కొత్త డబ్బా ఎక్కడి నుంచో వెతికి తెచ్చి, "ఇంకొకసారి ఈడే పట్టి చూద్దాం రా" అని నన్ను లేపింది.

ఆ మరుగుదొడ్డి సంగతి చెప్పకూడదు గానీ చెబుతాను. కుళాయిలో నీళ్ళు రావు, తలుపుకు గడియ లేదు. ఆమె తనే బక్కెట్టుతో నీళ్ళు మోసుకొచ్చింది. నేను లోపలికి పోయాక తలుపుకు వీపు ఆనించి నిలబడి, బయటి నుంచి కేకలు. "ముందు కడుక్కో! మొదట వచ్చేది వదిలెయ్! మధ్యలోది పట్టు!" చీటీల కోసం నిలబడ్డ వరసంతా విన్నది. మా అత్త కొంగు ముఖానికి అడ్డం పెట్టుకుంది. ఒళ్ళు కాలుతున్నా నాకు నవ్వొచ్చింది.

ఈసారి ముంచిన పట్టీకి నీలం రాలేదు. ఇందాక తెల్లగా ఉండిపోయిన గడి గులాబీ రంగు తిరిగింది. "ఇదిగో దొంగ. క్రిమి కిడ్నీ దాకా ఎక్కినట్టుండాది" అంది డాక్టరమ్మ. రిపోర్టు వచ్చేదాకా ఆగితే బిడ్డకు ప్రమాదమని, కడుపుతో ఉన్నవాళ్ళకు పనికొచ్చే సూది మందు వెంటనే వేసి, పెద్దాసుపత్రికి ఫోన్ చేసి మంచం సిద్ధం చేయించింది. అయినా ఏ క్రిమో, ఏ మందుకు లొంగుతుందో తెలియాలంటే ఆ డబ్బా హిందూపురం చేరాలి. ల్యాబుకు డబ్బాలు తీసుకుపోయే బండి ఆ రోజు లేదు. మా ఆయన ఐసు పోసిన ఫ్లాస్కులో దాన్ని పెట్టుకుని బస్సెక్కాడు.

పెనుకొండలో బస్సు మారేటప్పటికి ఐసు సగం కరిగింది. మా ఆయన చెరుకురసం బండి దగ్గరికి పోయి ఐసు అడిగితే, "రసం తాగకుండా ఉత్త ఐసు ఏం చేసుకుంటావప్పా? ఫ్లాస్కులో ఏముండాది?" అన్నాడట బండాయన. "నా బిడ్డ ప్రాణం అన్నా" అని మా ఆయన చెప్పాడు. ఇంట్లో ఉప్పు లేదని చెప్పడానికి కూడా మొహమాటపడే మనిషి! బండాయన ఇంకేమీ అడగకుండా ఫ్లాస్కు నిండా ఐసు పోశాడు.

పెద్దాసుపత్రిలో చేరిన మూడోనాటికి నా జ్వరం దిగింది. ఆ మధ్యాహ్నం బిడ్డ పక్కటెముకల్లో ఒక్క తన్ను తన్నాడు. నేను ఏడుస్తుంటే మా అత్త నొప్పి మళ్ళీ వచ్చిందనుకుని నర్సును పిలుచుకొచ్చింది. హిందూపురం రిపోర్టులో ఈసారి క్రిమి బాగా పెరిగింది. ముందు వాడిన మాత్రలకు అది లొంగదు, డాక్టరమ్మ వేసిన సూదికి లొంగుతుంది.

సౌమ్య మేడం డ్యూటీ అయ్యాక మమ్మల్ని చూడటానికి పెద్దాసుపత్రికి వచ్చింది. రెండు పట్టీలు మా అత్త చేతిలో పెట్టింది. "మీరు రంగులు తెలిసినోళ్ళు, మీకు చెప్తే అర్థమవుతాది. ఈ నీలం సోడాది. సీసా గోడలకు అంటుకుని ఉండిపోయింది. పట్టు జిగురునే వదిలించే సోడా, క్రిమిని వదుల్తాదా? ల్యాబుకు పోయేలోపలే చంపేసింది. అందుకే రిపోర్టు శుభ్రంగా వచ్చింది."

మా అత్త పట్టీల వైపు చాలాసేపు చూసింది. ఆ రోజు నుంచి ఆమె నోరు పడిపోయింది. ఇంట్లో తిట్లు లేవు, గొణుగుడు లేదు. నా పళ్ళెం తనే కడిగి అన్నం పెట్టేది, నా ముఖంలోకి మాత్రం చూసేది కాదు. డాక్టరమ్మ తప్పు పట్టిందని అలిగిందేమో అనుకున్నాను. నా మట్టిబుర్రకు అంతకంటే తోచలేదు.

నెలలు నిండాక కొడుకు పుట్టాడు. బరువుగా, ఎర్రగా, వాళ్ళ అవ్వ గొంతుతో. సౌమ్య మేడం చూడ్డానికి వచ్చింది. మా అత్త బిడ్డను ఎత్తుకుని ఆమె ముందు నిలబడింది.

"మేడం, ఒకటి అడగాల. మొదటి బిడ్డప్పుడు కూడా ఆ సీసా కడిగిచ్చింది నేనే. అప్పుడూ ఏమీ లేదన్నారు. ఆ బిడ్డ... నావల్లనే పోయిందా?"

కాదు అనే ఒక్క మాట చెప్పి పంపించవచ్చు. ఆ డాక్టరమ్మ అలా చేయలేదు. మా అత్తను మంచం మీద కూర్చోబెట్టి, తనూ పక్కన కూర్చుంది.

"అయ్యుండొచ్చు అవ్వా. కాకనూ పోవచ్చు. ఇప్పుడు ఎవరూ చెప్పలేరు, మీకు అబద్ధం చెప్పను. కానీ శుభ్రమైన సీసా తెమ్మని మేమే చెప్పినాం, ఎట్లా కడగాలో మేము చెప్పల్యా. అది మా మీద ఉండాది, మీ మీద ల్యా."

మా అత్త తలూపింది. ఓదార్పు కోసం అడిగినట్టు లేదు, తెలుసుకోవాలనే అడిగింది. అన్ని నెలలు ఆ ప్రశ్నను ఒంటరిగా మోసి, తనే పైకి తెచ్చి, అందరి ముందూ అడిగింది. డాక్టరమ్మ అంటే నాకెంత గౌరవమో, ఆ క్షణాన మా అత్త మీద అంత గౌరవం కలిగింది.

ఆమె లేచి వచ్చి బిడ్డను నా ఒళ్ళో పెట్టింది. ఇన్నాళ్ళకు నా ముఖంలోకి చూసింది.

"వింటివా పాపా? నీ కడుపుకు ఏ దోషమూ ల్యా. అప్పుడూ ల్యా, ఇప్పుడూ ల్యా. ఆ పొద్దే నేను చుట్టాలకు చెప్పాల్సింది."