స్విచ్ ఆపినా పోని కరెంటు

అత్తగారి వంటింట్లో కొత్త లైటు వెలిగింది. పెద్దల్లుడి కడుపులో అంతకంటే పెద్దదే అంటుకుంది.

అతను ఇళ్ళకు వైరింగ్ చేసి బతికేవాడు. ఈ ఇంట్లో పాత బోర్డులన్నీ అతని చేతి పనే. తోడల్లుడు కాలిన మోటార్లకు తీగ చుట్టేవాడు. అయినా లైటు కావాల్సొస్తే అత్తగారు పిలిచింది ఆ చుట్టేవాణ్ణే. పైగా, "చిన్నల్లుడు ఎంత నీటుగా బిగించాడో వచ్చి చూడండి" అని ఫోను ఒకటి. ఈతగాణ్ణి పిలిచి పక్కవాడు స్నానం చేస్తుంటే చూడమన్నట్టు.

వచ్చి చూశాడు. వైరు గోడ మీద గీత గీసినట్టుంది. వంక దొరకలేదు. అందుకే ఇంకా మండింది.

అందరూ ముందుగదిలో కబుర్లలో ఉండగా స్విచ్ ఆపి, స్టూలెక్కి, బల్బు విప్పాడు. హోల్డరు పిన్నుకు టెస్టరు ఆనించాడు. ఎర్రగా వెలిగింది.

దొరికాడు. కరెంటొచ్చే ఫేజు తీగ నేరుగా బల్బుకిచ్చి, స్విచ్ తిరిగెళ్ళే న్యూట్రల్ తీగ మీద పెట్టాడు వెధవ. అలా చేస్తే దీపం ఆరుతుంది, కరెంటు ఆరదు. ఆరిందని నమ్మి చెయ్యి పెట్టినవాడు పోతాడు. తెలియక చేశాడా, తొందరలో చేశాడా అనేది పోయినవాడికి అనవసరం.

అప్పుడే మెయిన్ దించి సరిచెయ్యాల్సింది. అతను చంకలు గుద్దుకుంటూ బల్బు మళ్ళీ పెట్టేశాడు. భోజనాల దగ్గర చెబుతాడు. అప్పుడైతే అందరూ ఉంటారు.

భోజనాలకు కూర్చున్నారు.

"అన్నయ్యా, మీరు వంక పెట్టకపోతే నాకు ముద్ద దిగట్లేదు" అన్నాడు తోడల్లుడు.

"తిను, తిను. దిగాల్సింది ఇంకా చాలా ఉంది."

మరదలు నవ్వింది. "మా బావ నోట మెచ్చుకోలు రావాలంటే ఆయనకి షాక్ కొట్టాలి."

"అమ్మేదీ?" అంది అతని భార్య.

వంటింట్లోంచి అత్తగారి గొంతు వచ్చింది. "మీరు తింటుండండి. కొత్త బల్బు మీద ఎవరివో వేలిముద్రలు పడ్డాయి, తడిగుడ్డ పెడతాను. స్విచ్ ఆపేశాలే."

అతను కంచం తన్నుకుంటూ లేచాడు. "అత్తయ్యా, ముట్టుకోకండి" అని అరుస్తూ వరండాలోకి పరిగెత్తి మెయిన్ దించేశాడు. ఇంట్లో ఫ్యాన్లన్నీ ఆగాయి. తిరిగొచ్చేసరికి అత్తగారు స్టూలు మీదే ఉంది, తడిగుడ్డ హోల్డరుకు జానెడు దూరంలో ఉంది.

"ఆపాను కదా బాబూ."

"ఆపినా వస్తుందత్తయ్యా. స్విచ్ న్యూట్రల్ మీద ఉంది."

తోడల్లుడి మొహానికి సున్నం కొట్టినట్టయింది. వచ్చి అతని చేతులు పట్టుకున్నాడు. "అత్తయ్య ప్రాణం నిలబెట్టారన్నయ్యా. నాకు మోటార్లే తెలుసు."

"పెద్దల్లుణ్ణే పిలవాల్సింది" అంది అత్తగారు, స్టూలు దిగుతూ.

కోరుకున్నదంతా వచ్చింది. భార్య మాత్రం బల్బు వంక చూసింది, తర్వాత అతని వేళ్ళ వంక చూసింది.

"కంచం ముందు కూర్చున్న మనిషికి ఎలా తెలిసిందండీ?"

ఆవిడ అతని జేబులోంచి టెస్టరు లాగి తోడల్లుడి చేతిలో పెట్టింది.

"మీరే మార్చండి మరిదిగారూ. ఈయన పక్కన నిలబడి చెబుతారు. తెలిసింది తెలిసినట్టు, అప్పటికప్పుడు."

అతను గొంతు సవరించుకున్నాడు. "ముందు మెయిన్ దించే ఉందో లేదో చూసిరా తమ్ముడూ" అన్నాడు. ఆ మాట అతనికే సరిగా వినపడలేదు.