దేవకుమార్ పెట్టిన మూడు సెకన్లు

మధురవాడ సాఫ్ట్‌వేర్ ఆఫీసులో దేవకుమార్ చేత కోడు పాస్ చేయించుకోవడమంటే మాటలు కాదు. మహానుభావుడు, ఖాళీ కాగితమిచ్చినా అందులో నాలుగు తప్పులు పట్టగలడు. కొత్తగా చేరిన నాగశ్రీ చేసిన మొట్టమొదటి మార్పు తొమ్మిది రోజులుగా ఆయన దగ్గరే మూలుగుతోంది. చేపల వేట నిషేధం ఎల్లుండితో ముగుస్తుంది. ఈలోగా ఆయన సరేననకపోతే పెట్టెలన్నీ పాత కోడుతోనే సముద్రంలోకి పోతాయి, ఆమె పని మళ్లీ ఏడాది నిషేధం దాకా అటకెక్కుతుంది.

పెట్టె అంటే బోటు కింద చేపలెక్కడున్నాయో చూపించే యంత్రం. దాని తెరను నడిపే డ్రైవర్ కోడులో, స్విచ్ వేయగానే మూడు సెకన్లు ఊరికే ఆగమని ఓ లైనుంది. తెర తయారుచేసినవాళ్ల పుస్తకం ప్రకారం రెప్పపాటు ఆగితే చాలు. అందుకని నాగశ్రీ ఆ లైను పీకేసింది. అంతే ఆమె చేసిన నేరం. ఎనిమిదేళ్ల కిందట దాన్ని రాసింది దేవకుమారే మరి! ఎందుకు రాశాడో ఆయనకే గుర్తులేదు, ఆ మాట పైకి అనడానికి మాత్రం ప్రాణం ఒప్పదు. కోడులో పేర్లు బాలేవన్నాడు, మాటల మధ్య ఖాళీలు సరిగ్గా లేవన్నాడు. ఆమె పళ్లు నూరుకుంటూ అన్నీ దిద్దింది. చివరికి సాకులు నిండుకున్నాక, హార్బర్లో సూరన్న ఔనంటే తానూ ఔనంటానన్నాడు.

సూరన్న పాతికేళ్లుగా బోటు నడిపే సరంగు. కొత్త వస్తువును మెచ్చుకున్న పాపాన పోలేదు.

మర్నాడు ముగ్గురూ హార్బర్లో బోటెక్కారు. కొత్త కోడు ఎక్కించిన పెట్టెకు స్విచ్ వేసి సూరన్న చెయ్యెత్తాడు. చెయ్యి గాల్లో ఉండగానే బొమ్మ వచ్చేసింది. ఆయన ముఖం మాడిపోయింది. పాత పెట్టె నెత్తిన ఓ దెబ్బ వేస్తేగాని పలకదనీ, ఆ దెబ్బ ఎక్కడ వేయాలో బోటు మొత్తంలో తనకొక్కడికే తెలుసనీ, సొంత బావమరిదిని కూడా దాన్ని ముట్టుకోనివ్వననీ చెప్పుకొచ్చాడు. దెబ్బ పడకుండా వచ్చే బొమ్మను నమ్మేది లేదన్నాడు. దేవకుమార్ ముసిముసిగా నవ్వుకుంటూ బయల్దేరబోయాడు.

నాగశ్రీకి ఒళ్లు మండింది. పక్క బోటులోంచి పాత కోడుతోనే ఉన్న పెట్టె తెప్పించింది. "ఒక్కసారి చేతులు కట్టుకో బాబాయ్," అని స్విచ్ వేసింది. ఒకటి, రెండు, మూడు. బొమ్మ దానంతటదే వచ్చింది.

సూరన్న తెరను చూశాడు, తర్వాత తన అరచేతిని చూసుకున్నాడు. పాపం, ఎనిమిదేళ్ల పెద్దరికం కళ్లముందే పోయింది. నాగశ్రీకి నిజంగానే జాలేసింది.

"అయితే నాను కొట్టకపోయినా వచ్చీసీదన్నమాట," అన్నాడాయన నెమ్మదిగా. "ఈ మూడు సెకన్లూ పెట్టినోడు ఎవుడమ్మా?"

నాగశ్రీ మెల్లగా దేవకుమార్ వైపు తిరిగింది. ఆయన అప్పటికే ఐసు పెట్టె మీద లాప్‌టాప్ తెరిచి ఆమె మార్పు పాస్ చేసేస్తున్నాడు.

"నాను రాసినవి ఇంకేటైనా తీసీయాలంటే అవీ పంపించీ," అన్నాడు దేవకుమార్ తలెత్తకుండా. "ఇప్పుడే చూసీస్తాను."