తెల్ల క్యానుల దారి

పుణెలో గుట్టను ఆనుకుని ఉన్న ఆ అపార్ట్‌మెంటులో వైజయంతి మాటకు ఎదురు లేదు. వెనక గేటు తీస్తే గుట్ట మీదికి నడకదారి. తెల్లవారుతూనే కొందరు మగవాళ్లు తెల్ల క్యానులు భుజాన వేసుకుని ఆ దారిన ఎక్కడం బాల్కనీల్లోంచి కనిపించేది. క్యానుల్లో ఏముంటుంది? నాటుసారాయే! ఒకావిడ అంది, అందరూ నమ్మారు. ఇక ఆడవాళ్లెవరూ ఆ దారి తొక్కలేదు. పక్కనే అంత గుట్టను పెట్టుకుని, కింద కార్ల మధ్య గుండ్రంగా తిరిగేవారు. ఆ గేటు మూసి గోడ కట్టించాలని పట్టుబట్టింది వైజయంతే.

మేస్త్రీ వచ్చిన రోజు, ఆమెను వదిన వరసన పిలిచే పక్కింటి శైల మెలిక పెట్టింది.

"గోడెందుకు కట్టారని ఎవరైనా అడిగితే ఏం చూపిస్తావు వహినీ?"

"వాళ్లు తాగుతుండగా ఫొటో తీసుకొస్తా. నువ్వూ రా."

"అమ్మో! నాకింకా బతకాలనుంది."

వైజయంతి ఒక్కతే ఎక్కింది. ప్రతి పొద వెనకా ఒక తాగుబోతు కనిపించాడు. దగ్గరికి వెళితే ఉత్త పొదే. ఏప్రిల్ ఎండకు గడ్డంతా మాడిపోయి ఉంది. మలుపు తిరిగేసరికి కాళ్లు ఆగిపోయాయి.

వాలు పొడుగునా పచ్చదనం! మోకాలెత్తు మొక్కలు, వాటి పైన మనిషెత్తువి, ఆ పైన ఆకాశం కనపడనివ్వని వేపలు, కానుగలు. ఒక ముసలాయన క్యాను వంచి చిన్న మొక్క మొదట్లో నీళ్లు పోస్తున్నాడు.

"రా తాయీ! మీ బిల్డింగు నుంచి ఇన్నేళ్లకి ఒక మనిషొచ్చింది. కాస్త ఇది పట్టుకో, నడుం పట్టేసింది."

"ఇది... సారా కాదా?"

ఆయన పకపకా నవ్వాడు. "సారా పోస్తే మొక్క తూలదూ?"

"మరి ఆ పెద్ద చెట్లకెవరు పోశారు కాకా?"

"మేమే. ఆ వేప, పోయిన మా ఆవిడ నాటింది. ఇంట్లో నా కంటే దాని మీదే ధ్యాస ఆవిడకి."

వైజయంతి తల బాగా వెనక్కి వంచితే గానీ దాని కొస కనపడలేదు. అడవంటే దేవుడు వేసిందే అనుకుంది ఇన్నాళ్లూ. ఇది మనుషులు భుజాల మీద మోసుకొచ్చిన అడవి. ఏమనుకుందో ఏమో, చేతులు జోడించింది. ఆ తర్వాత సిగ్గుతో చచ్చిపోయింది. గబగబా కిందికి దిగింది.

అప్పటికే గోడ మోకాలి ఎత్తు లేచింది.

"దొరికారా తాగుబోతులు?" అంది శైల.

వైజయంతి చీర ఎత్తిపట్టి గోడ దాటి, సిమెంటు కలపడానికి పెట్టిన నీళ్ల బకెట్ అందుకుని మళ్లీ గోడ దాటింది.

"నీళ్లు పట్టుకుపోతే గోడెట్లా కట్టేది తాయీ?" అని అరిచాడు మేస్త్రీ.

"కట్టకు," అంటూ ఆమె గుట్ట ఎక్కసాగింది.