జారే కేబులుకు రబ్బరు బిరడా

పేటెంటు రద్దయిందని లాయరు ఫోను చేసినప్పుడు టీచరమ్మ ఏడో తరగతి లెక్కల క్లాసులో ఉంది. ఫోను బల్ల మీద పెట్టి, బోర్డు మీద సగంలో ఉన్న లెక్క పూర్తి చేసింది. భర్త పోయి అప్పటికి నాలుగు నెలలు. ఆయన పేరుతో లోకంలో మిగిలింది ఆ పేటెంటొక్కటే.

ఆయన కనిపెట్టింది ఏమంత పెద్ద వస్తువు కాదు. మేడల్లో నిలువు పైపు గుండా పై అంతస్తులకు వెళ్లే కరెంటు కేబులు తన బరువుకు తానే కిందికి జారుతుంది. అది జారకుండా అందరూ పైపు మూతిలో గోనెగుడ్డ కుక్కేవారు. ఆయన ఏటవాలుగా కోసిన రెండు రబ్బరు ముక్కలతో బిరడా చేశాడు. కేబులు కిందికి లాగేకొద్దీ అది ఇంకా బిగుసుకునేది.

"ఇందులో కొత్తేముంది? పని తెలిసిన ఎవరికైనా తట్టేదే" అంటూ ఒక కంపెనీ కేసు వేసింది. టీచరమ్మ తరఫున సాక్షిగా మరిది వెళ్లాడు. అన్నతో కలిసి పదహారేళ్లు కేబుళ్లు లాగిన మనిషి. "ఈ బిరడా చూడగానే అర్థమైందా?" అని కంపెనీ లాయరు అడిగితే పనివాడి పౌరుషం ఊరుకుంటుందా!

"ఎందుకర్థం కాదండీ? నేనేమైనా నిన్న గాక మొన్న పనిలోకొచ్చానా?" అనేశాడు. ఎవరికైనా తట్టేదేనని సాక్షే ఒప్పుకున్నట్టయింది. ఆ ఒక్క మాట కొంప ముంచింది.

పేటెంటు పోయాక, ఆదివారం మరిది ఇంటికి వచ్చి తల వంచుకుని కూర్చున్నాడు.

"మీ అన్నయ్య మొదటిసారి చూపించినప్పుడు ఏమన్నావు? నిజం చెప్పు" అంది టీచరమ్మ.

"నవ్వాను వదినా. సీసాకు పెట్టినట్టు పైపుకు బిరడా ఏంట్రా బాబూ అన్నాను. ఆ తర్వాత కూడా రెండేళ్లు గోనెగుడ్డే కుక్కాను, మొండికి."

"అదే రాసివ్వు. అంత పని తెలిసినవాడికీ తట్టలేదని, చూపించినా నమ్మలేదని. అప్పీలుకు అదే ఆధారమన్నాడు మన లాయరు."

"అంటే, నేను మొద్దునని నా చేత్తోనే రాసుకోవాలా?"

"తప్పు దిద్దుకుంటే మార్కులు పోవయ్యా."

అతను నవ్వి, కలం తీశాడు. పైన పేరు, తేదీ రాసి ఆగాడు.

"అన్న కింద, నేను పైన. 'లాగరా!' అని అరిచేవాడు. ఎంత లాగినా కేబులు కదిలేది కాదు. తొంగి చూస్తే, తనే కాలితో తొక్కిపట్టి నవ్వుతుండేవాడు."

"నాకెప్పుడూ చెప్పలేదే!"

"ఇలాంటివి ఎన్నో, వదినా."

అతను చెబుతూ పోయాడు. ఆమె ఆపలేదు. సాయంత్రమైంది.

అప్పీలుకు ఇంకా ఆరు రోజుల గడువుంది. కాగితం మీద పేరూ తేదీ ఉన్నాయి. వాంగ్మూలం రాయడం కాలేదు.