ఖాసిం సాబ్ చేయించిన ఒప్పుకోలు

ఖాసిం సాబ్ దూది ఏకుతున్నాడంటే ఆ వీధివాళ్లంతా కూరకుండల మీద మూతలు సరిగ్గా పెట్టుకోవాల్సిందే. దూది ఏకే విల్లు మోగినప్పుడల్లా దూది పింజలు లేచి చూరుల్లోకీ, తలల్లోకీ, పిల్లల ముక్కుల్లోకీ దూరేవి. కుందుర్పి చుట్టుపక్కల పల్లెలకు పరుపులు కుట్టిపెట్టే దూదేకుల కుటుంబం అతనిది. ఆ ఏడు కూడా వానలు ముఖం చాటేశాయి, శెనక్కాయ చేలు ఎండిపోయాయి. అయినా పెళ్లిళ్లు ఆగవు గనక, కొడుకు రంజాన్‌ను వెంటబెట్టుకొని ఒక పల్లెలో పని పట్టాడు.

ఒకనాడు పొద్దుగూకే వేళ ఆ ఊరి కూలి మనిషి నల్లమ్మను చేనుగట్టున ఎవడో వెనకనుంచి పట్టుకున్నాడు. ఆమె ముఖం మీద గుడ్డ కప్పి, బలాత్కారం చేసి పారిపోయాడు. ఆమె ఇంటికి వచ్చి గోడకు ఆనుకొని కూర్చుంది. ఏడవలేదు. తల్లి మారెక్క దగ్గరికి తీసుకోబోతే కూతురి జుట్టులో దూది పింజ కనిపించింది. అంతే! ఊరికి నేరస్తుడు దొరికిపోయాడు, దూది ఏకే కుర్రవాడు రంజాన్! ఆ రోజు ఊళ్లో ఎవరి జుట్టులో దూది లేదో చూద్దామని ఒక్క మహానుభావుడికైనా తట్టాలి కదా! తట్టలేదు. అసలేం జరిగిందమ్మా అని నల్లమ్మను అడిగినవాడూ లేడు.

ఊరి పెద్దమనిషి సుంకన్న తండ్రీకొడుకులను పిలిపించాడు.

"సూడు సాబూ, తప్పయిందని నీ కొడుకు ఆ మారెక్క కాళ్లు పట్టుకుంటే ఊరిమాట ఊర్లోనే పోతాది. లేదంటావా, ఈ సుట్టుపక్కల యాడా నీకు పని పుట్టదు."

ఊరూరా తిరిగి బతికేవాళ్లకు ఇది అలవాటే. కోడి పోయినా, గొర్రె పోయినా, ముందు పరాయి ఊరివాడే తప్పయిందని వంగాలి. వంగితే మర్నాడు మళ్లీ పనికి పిలుస్తారు. ఇదీ అలాంటి తగువే అనుకున్నాడు ఖాసిం సాబ్.

"నేను సేయలేదు నాయనా! ఆ పొద్దు నీ కండ్ల ముందరే పరుపు కుడతాంటి గదా!" అన్నాడు రంజాన్.

"నాకు తెలుసులేరా. వంగు."

రంజాన్ వంగాడు. ఊరంతా చూసింది.

కానీ నల్లమ్మ అన్న ఆదెన్న ఊరుకోలేదు. స్టేషనుకు పోయి ఫిర్యాదు చేశాడు, పోలీసులు వచ్చి రంజాన్‌ను పట్టుకున్నారు. "మా అందరి ముందరా ఒప్పుకున్నాడు సార్" అని మొట్టమొదటి సాక్ష్యం చెప్పింది ఆ సుంకన్నే. ఎంత చక్కటి పెద్దరికం!

వకీలును పెట్టుకుందామని రంజాన్ తల్లి మేరాజ్ బీ మొత్తుకుంది.

"తప్పు సేసినోడే గదా వకీలు దగ్గరికి పరిగెత్తేది? మనం పోతే నిజంగానే సేసినాడంటారు" అన్నాడు ఖాసిం సాబ్.

మేజిస్ట్రేటు కోర్టులో, సాక్షులను ఏమైనా అడుగుతావా అంటే రంజాన్ తల దించుకొని నిలబడ్డాడు. ఏం అడగాలో వాడికేం తెలుసు, పాపం! కేసు అనంతపురం సెషన్సు కోర్టుకు పోయింది. ఆనాటినుంచి ఖాసిం సాబ్‌కు ఏమీ అనిపించకుండా పోయింది. పెడితే తినేవాడు, పెట్టకపోతే అడిగేవాడు కాదు. ఏకిన దూదినే మళ్లీ ఏకుతూ కూర్చునేవాడు.

మేరాజ్ బీ ఇక మొగుడి మాట కోసం చూడలేదు. అతన్ని చెయ్యి పట్టుకొని బస్సెక్కించి, అనంతపురంలో ప్లీడరు వెంకటరాముడి ముందు కూర్చోబెట్టింది.

జరిగిందంతా విని ప్లీడరు ఖాసిం సాబ్‌ను అడిగాడు. "చేయలేదని తెలిసి తెలిసి ఎందుకప్పా వంగమన్నావు?"

ఖాసిం సాబ్ పంచెకు అంటిన దూది పింజను పీకుతూ కూర్చున్నాడు.

"ఇది గొర్రె పోయిన తగువు కాదు. బలాత్కారం కేసు. దీన్ని రాజీ చేసే హక్కు ఏ పెద్దమనిషికీ లేదు. నేరం రుజువు చేయాల్సింది సర్కారు, నీ కొడుకు కాదు. బెదిరించి చెప్పించిన ఒప్పుకోలు నమ్మదగింది కాదని కోర్టుకు చెప్పేదానికి ఒక నోరు కావల్ల. ఆ నోరే వకీలు."

"అంటే, ఆ బిడ్డ అబద్ధం చెప్పిందంటావా సామీ?" అంది మేరాజ్ బీ భయంగా.

"ఆ పాపం నేను కట్టుకోను తల్లీ. ఆమెకు జరిగింది నిజమే. ఎవరు చేసినారన్నదే అడుగుతా."

సెషన్సు కోర్టులో ప్లీడరు అన్నట్టే నల్లమ్మను అడిగాడు, గొంతు పెంచకుండా.

"ఆ మనిషి ముఖం చూసినావా అమ్మా?"

"లేదు సామీ."

"గొంతు విన్నావా?"

"లేదు."

"మరి రంజానే అని ఎట్లా తెలిసింది?"

నల్లమ్మ ఖాసిం సాబ్ వైపు చూసింది. "కన్న తండ్రే కాళ్లు పట్టిచ్చె గదా సామీ. యింగెవురనుకునేది? ఇంతవరకూ నన్ను ఎవురూ ఈ మాట అడగలేదు."

తర్వాత సుంకన్న వంతు వచ్చింది. వంగకపోతే పని పుట్టదని బెదిరించిన సంగతి అతని నోటితోనే బయటికి వచ్చింది. నేరం రుజువు కాలేదని జడ్జి రంజాన్‌ను విడుదల చేశాడు. కొడుకు వచ్చి పక్కన నిలబడితే ఖాసిం సాబ్ అతని భుజం మీద చెయ్యి వేశాడు. సంతోషం వస్తుందేమోనని చూశాడు. రాలేదు.

కోర్టు మెట్ల దగ్గర నల్లమ్మ ఎదురొచ్చింది.

"సాబూ, నీ కొడుకు ఇంటికి పోతాండాడు. నన్ను చెరిచినోడు యాడుండాడు?"

"తెలీదమ్మా."

"నీ కొడుకు కాదని నీకు ఆ పొద్దే తెలుసు. ఆ పొద్దే గట్టిగా చెప్పింటే, వాన్ని వెతికింటారు గదా. ఇప్పుడు యాడని వెతుకుదురు?"

ఆమె గొంతులో కోపం కూడా లేదు. తల్లి చెయ్యి పట్టుకొని బస్టాండు దారి పట్టింది. ఎవడి పక్కన కూలికి పోతోందో, ఎవడికి ఎదురవుతోందో తెలియని ఊరికే ఆమె తిరిగి పోవాలి.

అయ్యలారా, అమ్మలారా! నిందపడినవాడికి వకీలును పెట్టడం తప్పును కప్పిపెట్టడం కాదు, అన్యాయమైపోయిన ఆడమనిషికి ద్రోహం చేయడమూ కాదు. చేయనివాడు చేశానని వంగిన ప్రతిచోటా, చేసినవాడొకడు ఇంట్లో కూర్చొని నిబ్బరంగా అన్నం తింటుంటాడు.