గంటకు కట్టిన గుడ్డ

...పోలీసులు సైకిలు పట్టుకుపోతే రేపు ఫ్యాక్టరీకి ఎలా రావాలి? నడిచొచ్చేలోపు గేటు మూసేస్తారు. గేటు మూస్తే పని పోయినట్టే. ఈ ఒక్క ఆలోచనే మిషను సూదిలా ఆమె తలలో పైకీ కిందికీ ఆడుతోంది.

చొక్కాల ఫ్యాక్టరీలో ఆమె పని భుజాలు కలపడం. అందుకే అందరికీ భుజమ్మ. ఇప్పుడామె పెద్దరోడ్డు మొదట్లో సైకిలు పట్టుకుని నిలబడి ఉంది. వెనక షిఫ్టు షిఫ్టంతా సైకిళ్లతో ఉంది. ఎదురుగా లాఠీలు.

ఈ రోడ్డు అంచున ఒకప్పుడు సైకిళ్ల దారి ఉండేది. చెట్ల కింద కూర్చోవడానికి అరుగులుండేవి. నగరాన్ని అందంగా చేస్తామని కాంట్రాక్టరు అరుగులు పగలగొట్టి, దారినంతా కార్లు ఆపుకునే చోటు చేశాడు. కార్లకి నీడ దొరికింది. కార్మికులు బంగళాల సందుల్లోకి పోయారు. తెల్లారకముందే సైకిలు గంటలు మోగి నిద్ర చెడుతోందని బంగళాల వాళ్లు ఫిర్యాదు చేస్తే, గంటలకు గుడ్డలు కట్టుకోమని మేనేజరు హుకుం వేశాడు. కట్టుకున్నారు. భుజమ్మ గంటకు కాలర్లు కుట్టే అక్కే కట్టింది, అల్లరైతే పని పోతుందే అంటూ.

ఆ అక్కే, ఆ సందు మలుపులో వెనక్కి వస్తున్న ఇసుక లారీ కింద పడింది. ఆమె వేలు గుడ్డ మీద ఎంత నొక్కినా గంట పలకలేదు. వెనకే వస్తున్న భుజమ్మ అరవబోతే నోరు పెగల్లేదు. అక్క కాలు పోయింది.

అన్నాలు తినే షెడ్డులో మీటింగు పెట్టుకున్నారు. ఇచ్చిన అర్జీలన్నీ బుట్టదాఖలయ్యాయని ఒకరన్నారు. మన పాత సైకిళ్ల దారిలోనే మనం పోదామని ఇంకొకరన్నారు. ఇస్త్రీ బాబాయి నసిగాడు.

"పెద్దోళ్లతో పెట్టుకుంటే బతుకుతామా? పిల్లి మెడలో గంటెవరు కడతారు?"

"మనల్ని తిన్నాక తీరిగ్గా కడదాంలే బాబాయ్," అంది గుండీల పిన్ని.

నవ్వుల మధ్యనే, మిషన్ల ముందు కూర్చునే వరసలోనే బయల్దేరాలని తీర్మానం అయింది. ఎవరు జారుకున్నా ఖాళీ కనబడుతుంది. అందరితోపాటు భుజమ్మా తలూపింది. ఇంటికెళ్లి గిన్నెలు తోముతుంటే తట్టింది: చొక్కా మొదలయ్యేది భుజాల దగ్గరే. ముందు నిలబడాల్సింది తనే. గిన్నె చేతిలోంచి జారింది.

"ఇది కార్ల చోటమ్మా. సైకిలు పక్కన పెట్టు," అన్నాడు ఎదురుగా నిలబడ్డ పోలీసు అధికారి. గొంతు మెత్తగానే ఉంది. పక్కన పెడితే పోయేదేముంది? పిల్లల ముఖం చూసుకోవచ్చు. ఆమె వెనక్కి తిరిగింది. తన వెనక ఒక సైకిలు పట్టేంత జాగా వదిలారు. కాలరు అక్క చోటు. దాని వెనక చేతులు కుట్టేవాళ్లు, పక్కలు కుట్టేవాళ్లు, చివర్లో గుండీల పిన్ని. ఒక్కరూ జారుకోలేదు. అందరికంటే వెనక ఇస్త్రీ బాబాయి కూడా ఉన్నాడు, ముఖం పాలిపోయి.

"భుజం, లైను ఆగిపోయిందే," అని పిన్ని పిలిచింది, రోజూ మిషను ముందు నుంచి పిలిచినట్టే.

ఏదో చెప్పాలని చూసింది భుజమ్మ. ఆ రోజులాగే నోరు పెగల్లేదు. లాఠీ ఒకటి హ్యాండిలు మీద ఆనింది. ఆమె వంగింది. అక్క వేసిన ముడి బిగుసుకుపోయి ఉంది. దారం కొరికినట్టు దాన్ని పళ్లతో కొరికి, గుడ్డ లాగి పారేసి, బొటనవేలితో గంట నొక్కింది.